రెండో పరీక్షలో తప్పు

జూన్ 4

చంటీ,

ఇక్కడ అందరం కులాసా, వంటింటి కుళాయి తప్ప. అది బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది. మీ బాబాయి ఊళ్లో లిఫ్టులన్నీ తనిఖీ చేసి సంతకాలు పెడతారు గానీ, ఇంట్లో కుళాయి తన శాఖ కాదంటారు.

అసలు సంగతికొస్తాను. నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాలనుకుంటున్నాను. నవ్వకు. నేనూ ఒకప్పుడు ప్రోగ్రాములు రాసి జీతం తీసుకున్నదాన్నే. పిల్ల పుట్టాక ఒక్క ఏడాది మానేద్దామనుకున్నాను. ఆ ఒక్క ఏడాదీ పెరిగి పెద్దదై మొన్న కాలేజీ హాస్టల్లో చేరింది. ఇల్లు ఖాళీ అయింది. పొద్దున పదింటికల్లా పని అయిపోతుంది, ఆ తర్వాత నేనూ కుళాయీ మిగులుతాం.

నా పాత ఆఫీసు స్నేహితురాలు ఇప్పుడొక కంపెనీలో పెద్ద కుర్చీలో ఉంది. సెప్టెంబరులో ఇంటర్వ్యూకి పిలిపిస్తానంది. ఇన్నేళ్ళ ఖాళీ ఉన్న మనిషిని ఒక్కసారి పిలిపించడమే కష్టం, రెండోసారి నావల్ల కాదని కూడా అంది. ఈసారి పోతే ఇక నన్నెవరూ పిలవరు. ఈ మాట ఇంకెవరితోనూ అనలేదు, నీకే రాస్తున్నాను.

ఇప్పుడు ఇంటర్వ్యూల్లో ప్రోగ్రామింగ్ పోటీల్లో ఇచ్చేలాంటి లెక్కలే ఇస్తారట కదా. ఎవర్ని అడిగినా ఆ పోటీలు రాస్తే చాలని సగంమంది, ఉద్యోగానికి వాటికీ సంబంధమే లేదు, టైం దండగ అని సగంమంది. నువ్వు ఐదేళ్ళుగా అందులోనే మునిగి తేలుతున్నావు. చెప్పు, నేను మొదలుపెట్టాలా వద్దా? వివరంగా రాయి. ఫోన్ చేద్దామంటే నువ్వు ఎత్తవు.

పిన్ని

తా.క. నాది ఎత్తకపోతే పోనీ, మీ అమ్మది ఎత్తు.

*

జూన్ 10

పిన్నీ,

మొదలుపెట్టు.

ఫోన్ ఎత్తనిది కోపంతో కాదు. నీతో ఫోన్ అంటే ఒక పూట పోతుంది. పద్ధతి ఇది. నేను లెక్క పంపుతాను. నువ్వు ప్రోగ్రాం కాగితం మీద రాసి పోస్టులో పంపు. ఇంటర్వ్యూలో బోర్డు మీద రాయిస్తారు, అక్కడ తప్పు కింద ఎర్రగీత గీసి చూపించే యంత్రం ఉండదు. నువ్వు రాసింది నా దగ్గరున్న పరీక్షల మీద, అంటే నీకు చూపించని రకరకాల అంకెల మీద, ఆడించి తీర్పు పంపుతాను. కారణాలు రాయను. పోటీల్లోనూ రాయరు. ప్రతి ఆదివారం పొద్దున ఒక పోటీలో కూడా కూర్చో.

మొదటి లెక్క: వరుసలో లక్ష మంది నిలబడ్డారు. ఒక్కొక్కరి ఎత్తు ఇచ్చారు. ఏ ఇద్దరి ఎత్తులు కలిపితే నేను చెప్పిన సంఖ్య వస్తుందో కనుక్కో.

నీ అక్క కొడుకు

తా.క. ఇరవై నాలుగేళ్ళ వాణ్ణి చంటి అనడం మానాలని మనవి.

*

జూన్ 17

చంటీ,

ప్రోగ్రాం వెనక కాగితంలో ఉంది. మొదటి మనిషిని పట్టుకుని మిగతా అందరి పక్కనా నిలబెట్టాను. తర్వాత రెండో మనిషిని. ఇలా లక్ష మందినీ. ఎవర్నీ వదల్లేదు. కొట్టివేతలు లేకుండా మూడోసారి తిరగరాసి పంపుతున్నాను, గమనించు.

ఆదివారం పోటీలో కూర్చున్నాను. ఐదు లెక్కలిచ్చారు. నేను మొదటిది చదివి అర్థం చేసుకునేలోపు పై వరుసలో ఉన్న పిల్లలు ఐదూ ముగించి వెళ్ళిపోయారు. చివర్లో వేసిన పట్టికలో నా కింద ఇద్దరున్నారు. ఒకడు పేరు నమోదు చేసి రానేలేదు. రెండోవాడి గురించి విచారిస్తున్నాను.

భోజనాల బల్ల మీద కూర్చుని రాస్తుంటే మీ బాబాయి వెనక నిలబడి చూసి, "ఇది గెలిస్తే ఏమిస్తారు?" అన్నారు. ఏమీ ఇవ్వరన్నాను. "ఓడితే?" అన్నారు. పట్టికలో పేరు పక్కనున్న అంకె తగ్గిస్తారన్నాను. ఆయన వెళ్ళి పేపరు చదువుకున్నారు.

పిన్ని

*

జూన్ 23

పిన్నీ,

సమయం మించింది.

నీ అక్క కొడుకు

*

జూన్ 29

చంటీ,

ఆ సంగతి ముందే చెప్పాలి కదా నాన్నా. ఇన్ని రోజుల్లో అందాలని నువ్వు రాయలేదు. రాసిన రోజే డబ్బాలో వేశాను, ఆలస్యం పోస్టువాళ్ళది. వెళ్ళి కౌంటర్లో అడిగాను. ఆయన ముద్ర చూపించి మర్నాడే పంపేశామన్నాడు. మర్నాడు పంపినది ఆరు రోజులకు చేరితే మధ్యలో అది ఏం చేస్తున్నట్టని అడిగాను. వెనక క్యూలో ఇద్దరు నాకు మద్దతు ఇచ్చారు.

అదే ప్రోగ్రాం మళ్ళీ రాసి ఈసారి స్పీడు పోస్టులో పంపుతున్నాను.

మీ అమ్మ మోకాలు ఇంకా నొప్పిగానే ఉందట. నీ గదిలో గాలీ వెలుతురూ ఉన్నాయా? పక్క మంచాల మీదున్న నీ స్నేహితులిద్దరూ ఎప్పుడైనా వీధిలోకి వెళ్తారా, లేక ముగ్గురూ అలాగే తెరల ముందు కూర్చునే ఉంటారా?

పిన్ని

*

జూలై 3

పిన్నీ,

సమయం మించింది.

నీ అక్క కొడుకు

తా.క. ప్రశ్నకు సంబంధం లేని ఇన్‌పుట్ ఎక్కువగా ఉంది.

*

జూలై 9

చంటీ,

రెండు రోజుల్లో చేరిన ఉత్తరానికి సమయం మించింది అంటావా అని నీ మీద విరుచుకుపడుతూ నాలుగు పేజీలు రాశాను. అవి పంపడం లేదు. అంటించబోతుంటే మీ బాబాయి కాఫీ తాగుతూ, "ఆలస్యం ఉత్తరానిది కాదేమో, నీ ప్రోగ్రాందేమో" అన్నారు. తనిఖీలకి వెళ్ళేచోట లిఫ్టు నెమ్మదిగా వస్తోందంటే జనం కరెంటును తిడతారట, తీరా చూస్తే ప్రతి అంతస్తులోనూ ఆగుతూ వస్తుందట.

ఆగుతూ రావడం అనేసరికి నాకు వెలిగింది. లక్ష మందిని లక్ష మంది పక్కన నిలబెట్టి నేను చేసింది అదే. నాకిది తెలియనిది కాదు, మర్చిపోయింది. పోస్టాఫీసాయనకి క్షమాపణ చెప్పి వచ్చాను. ఆయన నేను రాగానే ముద్ర తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

కొత్త పద్ధతి: వరుస వెంట ఒక్కసారే నడుస్తాను. ఎదురైన మనిషి ఎత్తు రాసిపెట్టుకుంటాను. ఇతనికి జోడీ కావలసిన ఎత్తు నా దగ్గర ఇప్పటికే ఉందేమో చూస్తాను. ఉంటే అయిపోయినట్టే. ప్రోగ్రాం వెనక ఉంది.

పిన్ని

*

జూలై 15

పిన్నీ,

రెండో పరీక్షలో తప్పు.

నీ అక్క కొడుకు

*

జూలై 22

చంటీ,

మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. రెండో పరీక్ష ఏమిటో చెబితే నీ సొమ్మేం పోతుంది? మీ అమ్మకి ఫోన్ చేసినప్పుడు, "నీ కొడుకు తప్పు అంటాడు, ఏం తప్పో చెప్పడు" అని వాపోయాను. ఆవిడ ఉన్నట్టుండి ఫోన్ పెట్టేసింది. ఎందుకో తెలియలేదు.

నాలుగో రోజు నేనే రెండో పరీక్షని తయారుచేసుకుందామని కూర్చున్నాను. లక్ష మంది వద్దు, ఇద్దరే అనుకున్నాను. అప్పటికీ దొరకలేదు. ఒక్కడే నిలబడ్డాడు అనుకున్నాను. అప్పుడు దొరికింది. వాడి ఎత్తు నువ్వడిగిన సంఖ్యలో సరిగ్గా సగం. నేను వాణ్ణి చూసి ముందు రాసిపెట్టుకుని, ఆ తర్వాత వాడి జోడీ కోసం వెతుకుతున్నాను. అక్కడ వాడే దొరుకుతున్నాడు. ఒంటరివాణ్ణి పట్టుకుని నీకు నువ్వే జోడీ అని పంపించేశాను. ముందు వెతకాలి, తర్వాత రాసుకోవాలి. ప్రోగ్రాంలో రెండు పంక్తులు తారుమారు చేస్తే సరిపోయింది.

ఇది సరో కాదో మీ బాబాయికి చెప్పి చూసుకుంటున్నాను. ఆయన అన్నం తింటూ ప్రతిదానికీ ఎందుకు అంటారు. అర్థమయ్యేదాకా అర్థం కాలేదంటారు. మొహమాటం బొత్తిగా లేదు. నిన్న చెప్తూ చెప్తూ మధ్యలో నేనే ఇంకో తప్పు పట్టుకున్నాను. ఆయన, "అది ఇందాకే అడుగుదామనుకున్నా, నోట్లో ముద్ద ఉంది" అన్నారు.

పిన్ని

*

జూలై 29

పిన్నీ,

ఒప్పు.

అమ్మ వచ్చింది. నేనేం తప్పు చేశానని అడిగింది. ఏమీ లేదంటే నమ్మలేదు, పోలీసుల దాకా వెళ్ళిందా అని అడిగింది. రెండు రోజులుండి గది సర్ది వెళ్ళింది. ఇప్పుడు నా కాగితాలు ఎక్కడున్నాయో నాకు తెలియదు. దయచేసి తీర్పులు మన మధ్యే ఉంచు.

కొత్త లెక్క వెనక ఉంది. నాకు ఆగస్టు 11న ఇంటర్వ్యూ. నేను చేరాలని మొదటినుంచీ అనుకున్న కంపెనీయే. వాళ్ళు ఇచ్చే లెక్కలు చూశాను. తేలిక.

నీ అక్క కొడుకు

*

ఆగస్టు 6

చంటీ,

నీ ఒప్పుని ఫ్రిజ్ మీద అంటించాను. మీ బాబాయి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు. ఏమిటో అడిగితే, "ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకూడదు, అంతే" అంటున్నారు.

కొత్త లెక్కకి జవాబు వెనక ఉంది. ఇంకో మాట, ఆదివారం పోటీలు మానేస్తున్నాను. నీకు కోపం రావచ్చు. అక్కడ గడియారం నన్ను తరుముతుంది, నేను దొరికిందల్లా రాసి పడేస్తున్నాను. ఎందుకు రాశానో సోమవారానికి నాకే గుర్తుండటం లేదు. నీ ఉత్తరాల లెక్కలు మాత్రం మానను. అవి నాకు పట్టుబడుతున్నాయి.

ఇంటర్వ్యూకి ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళు. వాళ్ళతో కాస్త నవ్వుతూ మాట్లాడు.

పిన్ని

*

ఆగస్టు 18

పిన్నీ,

తప్పు సమాధానం. ఏ పరీక్షలోనో తెలియదు.

నీ అక్క కొడుకు

*

ఆగస్టు 26

చంటీ,

నీ ఉత్తరం అందాక నాలుగు రోజులు నా ప్రోగ్రాంలో తప్పు వెతికాను. సున్నా పెట్టి చూశాను, ఒక్కటి పెట్టి చూశాను, అన్నీ సమానంగా పెట్టి చూశాను. మీ బాబాయికి మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన తిరిగి నాకే చెప్పారు. ఎక్కడా తప్పు లేదు. పోటీలు మానేశానని కక్షగట్టి తప్పు అన్నావనుకుని, నీకు ఇక ఉత్తరం రాయకూడదని కూడా నిర్ణయించుకున్నాను.

ఇవాళ పొద్దున మీ బాబాయి బూట్లు తొడుక్కుంటూ, "అవునూ, చంటిగాడి ఇంటర్వ్యూ ఏమైంది?" అన్నారు.

నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అది నా తీర్పు కాదు కదూ? నీకు వచ్చింది కదూ?

పిచ్చి నాన్నా, అదేదో మామూలు మాటల్లో రాయొచ్చు కదా. ఇప్పుడు నా వంతు. లోపల అడుగు పెట్టినప్పటినుంచీ బయటికొచ్చేదాకా ఏం జరిగిందో మొత్తం రాయి. ఎవరేమన్నారు, నువ్వేమన్నావు, అన్నీ. సంబంధం లేని ఇన్‌పుట్ కూడా కావాలి.

పిన్ని

*

సెప్టెంబరు 1

పిన్నీ,

చొక్కా ఇస్త్రీదే.

గదిలో ఒక మేడమూ, ఒక కుర్రాడూ ఉన్నారు. ఒక భవనంలో లిఫ్టులు ఏ అంతస్తుకి ఎప్పుడు వెళ్ళాలో నిర్ణయించే ప్రోగ్రాం రాయమన్నారు. అంతే చెప్పారు. ఎన్ని లిఫ్టులో, ఎన్ని అంతస్తులో చెప్పలేదు. ఎన్నైనా ఉండొచ్చని, అన్నిటికంటే కష్టమైన లెక్కే అనుకుని రాశాను. లిఫ్టులన్నీ కలిపి తిరిగే దూరం తక్కువ కావాలని పెట్టుకున్నాను. బోర్డు నిండింది. ఇచ్చిన టైంలో సగం కూడా పట్టలేదు. మార్కర్ కింద పెట్టి కూర్చున్నాను.

వాళ్ళు నన్ను చూశారు. నేను వాళ్ళని చూశాను. పరీక్షల మీద ఆడిస్తున్నారనుకున్నాను.

కాసేపటికి మేడమ్, "ఇంకేమైనా చెప్తారా?" అన్నారు. లేదన్నాను. "ఈ లిఫ్టుల్లో మనుషులు ఎక్కుతారని అనుకున్నారా?" అన్నారు. ప్రశ్నలో లేదన్నాను. "మీ పద్ధతిలో పై అంతస్తులో ఒకాయన ఎప్పటికీ నిలబడే ఉండొచ్చు కదా?" అన్నారు. ఉండొచ్చు, మొత్తం దూరం మాత్రం తక్కువే అన్నాను. కుర్రాడు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మిగిలిన టైమంతా వాళ్ళు నా మాట కోసం, నేను వాళ్ళ తీర్పు కోసం చూస్తూ కూర్చున్నాం. బాగా జరిగిందనుకునే బయటికొచ్చాను. పక్కనే ఐస్‌క్రీం కూడా తిన్నాను.

వారానికి మెయిల్ వచ్చింది. ఈసారికి తీసుకోలేకపోతున్నాం అన్నారు. ఎందుకో అడిగాను. కారణాలు చెప్పడం తమ పద్ధతి కాదన్నారు.

నీ అక్క కొడుకు

*

సెప్టెంబరు 6

చంటీ,

నీ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. పై అంతస్తాయన దగ్గరికొచ్చేసరికి ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన్ని అలా చూసి చాలా రోజులైంది. తర్వాత గంభీరంగా, "ఆ లిఫ్టుకి నేను సంతకం పెట్టను" అన్నారు. కోపం తెచ్చుకోకు, ఆ తర్వాత రాత్రి భోజనం దాకా నీ గురించే బాధపడ్డారు.

నీకు లెక్క రాక పోలేదురా. ఆ మేడమ్ కావాలనే వివరాలు తగ్గించి అడిగింది, మిగతావి నువ్వు అడిగి తెలుసుకుంటావని. నువ్వు అడగలేదు. చేశాక ఎందుకలా చేశావో చెప్తావని చూసింది. నువ్వు చెప్పలేదు. నాకు ఉత్తరాలు రాసినట్టే వాళ్ళ ముందు కూర్చున్నావు. నాకు నువ్వెవరో తెలుసు కాబట్టి మూడు రోజుల కోపంతో సరిపెట్టాను. వాళ్ళకి అంత తీరికెక్కడిది?

ఇక ముందు నువ్వు నాకు పంపే తీర్పుకి కారణం రాయాలి. రాయని ఉత్తరం తిప్పి పంపేస్తాను. పోస్టాఫీసాయన ఇప్పుడు నా మనిషే.

నా ఇంటర్వ్యూ 16న. భయంగా ఉంది. నిజంగానే ఉంది, ఊరికే అనడం లేదు.

పిన్ని

*

సెప్టెంబరు 17

చంటీ,

అయింది. మెల్లగా చెప్తాను, తొందరపెట్టకు.

ప్రశ్నలడగడానికి ఇద్దరు పిల్లలు కూర్చున్నారు, మా అమ్మాయి కంటే కాస్త పెద్దవాళ్ళు. ఒక పళ్ళ ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ఎప్పుడొస్తారో, ఎప్పుడు వెళ్తారో ఆ టైములు ఇస్తారు, ఎవరూ ఆగకుండా ఉండాలంటే ఎన్ని కుర్చీలు కావాలో చెప్పాలి. నేను ముందు ప్రశ్నలు మొదలుపెట్టాను. డాక్టర్లు ఎంతమంది, పిల్లలకి చిన్న కుర్చీ వేరే ఉంటుందా, టైముకి రానివాళ్ళ సంగతేమిటి. మూడోదానికి ఒకమ్మాయి, "ఇక రాయండి" అని నవ్వింది.

ప్రతి ఒక్కరినీ మిగతా అందరితో పోల్చే పద్ధతి ముందు చెప్పి, "ఇది సమయం మించుతుంది, మా ఇంట్లో ఒప్పుకోరు" అన్నాను. తర్వాత టైముల్ని వరుసగా పేర్చి, ఒకరు రాగానే ఒక కుర్చీ కలిపి, వెళ్ళగానే తీసేస్తూ రాశాను. బోర్డు మీద అక్షరాలు కొండెక్కుతున్నట్టు పైపైకి పోయాయి. పోటీ పిల్లలు దాన్ని నాలుగు నిమిషాల్లో రాస్తారు, నాకు ముప్పావుగంట పట్టింది.

అయిపోయిందని వాళ్ళు లేవబోతుంటే, ఆగండి, రెండో పరీక్షలో తప్పొస్తుందేమో అన్నాను. రెండో పరీక్ష ఏమిటని అడిగారు. నాకూ తెలియదు, వెతకాలన్నాను. ఒకాయన పదింటికి లేస్తాడు, ఇంకొకాయన పదింటికే వస్తాడు. నేను వచ్చినాయన్ని ముందు లెక్కపెట్టి ఒక కుర్చీ ఎక్కువ తెప్పించాను. లేచినాయన్ని ముందు తీసెయ్యాలి. దిద్దాను. ఆ పక్కనున్న అబ్బాయి, "ఇది మేమే అడుగుదామనుకున్నాం, మీకెలా తట్టింది?" అన్నాడు. మా అక్క కొడుకు తప్పంటాడు గానీ ఎక్కడో చెప్పడు, వెతుక్కోవడం అలవాటైపోయిందన్నాను.

రెండు వారాల్లో చెప్తామన్నారు. వాళ్ళ మొహాల్లో ఏమీ కనిపించలేదు. బయటికొచ్చాక నేను ఐస్‌క్రీం తినలేదు, నీకు అచ్చిరాలేదు కదా.

పిన్ని

*

సెప్టెంబరు 26

పిన్నీ,

కారణాలతో రాస్తున్నాను. తిప్పి పంపకు.

మెయిల్ వచ్చిన రోజు నేను ఏడ్చాను. గదిలో ఉన్న ఇద్దరికీ తెలియదు. కుళాయి తిప్పి బాత్రూములో కూర్చున్నాను. ఆ మర్నాడు పోటీ ఉంది. రాశాను. ఎప్పటిలాగే పైనే వచ్చాను. పట్టికలో నా పేరు చూసి మొదటిసారి నాకేమీ అనిపించలేదు. అందుకే భయంగా ఉంది.

నువ్వు చెప్పాక అమ్మకి నేనే ఫోన్ చేసి లిఫ్టు లెక్క చెప్పాను. రెండో వాక్యంలోనే, "నా మోకాలితో మెట్లెక్కలేను, ఆ పైన నిలబడ్డది నేనైతేనో?" అంది. అంతా మొదటినుంచి మళ్ళీ రాశాను. కొత్తదాంట్లో లిఫ్టులు కాస్త ఎక్కువ దూరం తిరుగుతాయి, ఎవర్నీ వదిలెయ్యవు. బాబాయికి చూపించు. సంతకం పెడతారేమో అడుగు.

కానీ ఒక సంగతి తెగడం లేదు. జూన్‌లో నువ్వు అడిగావు, పోటీలు పనికొస్తాయా అని. మొదలుపెట్టు అని ఒక్క మాట రాశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఐదేళ్ళు. కాలేజీలో స్నేహితులు ఊళ్ళు తిరిగారు, సినిమాలు చూశారు, కొట్లాడుకున్నారు, మాట్లాడటం నేర్చుకున్నారు. నేను తెర ముందు కూర్చుని తీర్పుల కోసం ఎదురుచూశాను. వచ్చేవారం ఇంకో కంపెనీ వాళ్ళు పిలిచారు, వెళ్ళాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.

చాలా ఆలోచించి ఒక సమాధానానికి వచ్చాను. ఆ ఐదేళ్ళూ ఎవరికీ ఎందుకూ పనికిరాలేదు. ఇదే నా సమాధానం, నీకు సమర్పిస్తున్నాను. తీర్పు చెప్పు. నీకు మాత్రం కారణాల నియమం లేదు, రాస్తే పది పేజీలవుతుంది.

చంటి

*

అక్టోబరు 3

చంటీ,

తప్పు సమాధానం. మొదటి పరీక్షలోనే పోయింది.

సోమవారం నుంచి నేను ఉద్యోగానికి వెళ్తున్నాను.

పిన్ని